పాపకు నీళ్ళు పోసేదెవరు?

చంటిపిల్లలకు నీళ్ళు పోయడంలో విజయదుర్గ చేతికి చైతన్యపురిలో పేరుంది. ఆ సంగతి ఆవిడ తనంతట తాను చెప్పుకునే రకం కాదు. ఎదుటివాళ్ళు చెప్పేదాకా వదిలిపెట్టదు, అంతే. పెళ్ళయి భీమవరం నుంచి భర్త భానుమూర్తి వెంట వచ్చినప్పటి నుంచీ ఆ సందులో ఏ ఇంట్లో పిల్ల పుట్టినా పీట మీద కాళ్ళు బారజాపుకుని కూర్చునేది ఆవిడే. పిల్లను కాళ్ళ మీద వేసుకుని, నూనె మర్దన చేసి, నలుగు పెట్టి, వేడివేడి నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ చూపించి పడుకోబెడితే ఎంత మొండిపిల్లయినా మధ్యాహ్నం దాకా కళ్ళు తెరవదు. అలాంటి మనిషికి సొంత కూతురి కూతురు చేతికొస్తే ఇక చెప్పేదేముంది! మృదుల పురిటికి వచ్చి ఆడపిల్లను కన్న దగ్గర్నుంచి ఆ బాత్రూమ్ గుమ్మం ఇంకొకర్ని తొక్కనివ్వలేదు.

ఆ రోజు పొద్దున నీళ్ళు పోస్తుంటే పాప ఏడవలేదు. చెంబెడు నీళ్ళు నెత్తిన పడినా కిక్కురుమనలేదు. "చూశావా, మా బంగారుతల్లికి అప్పుడే బుద్ధొచ్చేసింది!" అని విజయదుర్గ మురిసిపోయింది. పొయ్యి మీద కూర ఉడికేసరికి ఆ మురిపెం కాస్తా తగ్గింది.

"అమ్మా, ఇది పాలు పట్టుకోవట్లేదే," మృదుల మంచం మీంచి పిలిచింది. "నోట్లో పెడితే రెండు గుటకలు వేసి వదిలేస్తోంది. లేపినా లేవట్లేదు."

"నిన్నంతా ఎన్ని చేతులు మారిందే! అలిసిపోయి ఉంటుంది. పడుకోనీ."

నిన్న పాపను ఉయ్యాలలో వేశారు. ఎల్బీనగర్ నుంచి అల్లుడు అభిలాష్ తల్లిదండ్రులు మట్టయ్య, అండాలమ్మ, వాళ్ళ వెనక బండి నిండా నల్లగొండ చుట్టాలు వచ్చారు. వాళ్ళంటే విజయదుర్గకు కోపమని కాదు. మంచివాళ్ళే. కానీ గట్టిగా మాట్లాడతారు, గట్టిగా నవ్వుతారు, పిల్ల కనిపిస్తే అడక్కుండా ఎత్తేసుకుంటారు. అండాలమ్మయితే వచ్చిన దగ్గర్నుంచి పాపను ఒళ్ళోంచి దించలేదు. నాట్లు వేసి, పత్తి ఏరి గరుకెక్కిన ఆ చేతులు చూస్తేనే విజయదుర్గ ప్రాణం విలవిల్లాడింది. "కొంచెం మెల్లిగా, వదినగారూ," అని ఉండబట్టలేక అనేసింది కూడా. "ఏం కాదు వదినె, గీ చేతులతోనే నలుగురిని సాకిన," అని అండాలమ్మ నవ్వేసింది.

ఇక దాచిపెట్టిన సంగతి ఒకటుంది, అది చెప్పాలి. పుట్టిన వారానికే పాప రొమ్ములు రెండూ కాస్త ఉబ్బాయి. ఆడపిల్లయినా మగపిల్లాడయినా చంటివాళ్ళకు అలా ఉబ్బడం మామూలే. తల్లి ఒంట్లో హార్మోన్లు పిల్ల ఒంట్లోకి వచ్చి చేసే పని అది, ముట్టుకోకపోతే దానంతట అదే పోతుంది. కానీ విజయదుర్గకు తెలిసిన శాస్త్రం వేరు. ఆ ఉబ్బులో పాలుంటాయి, పిండి తీసెయ్యకపోతే గడ్డకడతాయి. వాళ్ళమ్మ పిండింది, వాళ్ళమ్మమ్మ పిండింది, తను మృదులకు పిండింది, సందులో పిల్లలందరికీ పిండింది. పాపకూ రోజూ నలుగు పెట్టేటప్పుడు రెండు వేళ్ళతో నొక్కి, తెల్లటి చుక్క కనబడేదాకా పిండుతూ వచ్చింది. నాలుగైదు రోజులుగా కుడివైపుది తగ్గకపోగా పెరుగుతోంది. ముట్టుకుంటే వేడి. పాలు ఎక్కువున్నాయనుకుని ఇంకాస్త గట్టిగా పిండింది. ఈ పొద్దున చూస్తే ఉసిరికాయంత గడ్డ, చుట్టూ చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది. గబగబా పసుపులో తాంబూలం సున్నం కలిపి పట్టు వేసేసింది. వాపుకు ఆవిడెరిగిన మందు అదే. పసుపూ సున్నం కలిస్తే పట్టే ఎర్రగా ఉంటుంది, దాని కింద చర్మం ఎంత ఎరుపో ఎవరు చూడొచ్చారు?

జుబ్బా మారుస్తూ మృదుల చూసింది. "ఇదేంటమ్మా?" అంది.

"నిన్న మీ అత్తగారు ఒత్తేసుకుని ఎత్తుకుందిగా, కమిలింది. పట్టు వేశాను, పోతుందిలే."

ఆ అబద్ధం ఎక్కడి నుంచి ఊడిపడిందో గానీ మంచినీళ్ళు తాగినంత సులువుగా వచ్చేసింది. మృదుల నమ్మేసింది. అమ్మ మాట నమ్మక ఎవరి మాట నమ్ముతుంది?

భోజనాల వేళకు పాప అరికాలు చేతికి తగిలి విజయదుర్గ ఉలిక్కిపడింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, గదిలో ఫ్యాన్ కూడా వెయ్యలేదు, అయినా ఆ కాలు చల్లగా ఉంది. ఒక దుప్పటి కప్పింది. ఇంకో దుప్పటి కప్పింది. అరికాలి మీద వేలితో తట్టింది. అలా తడితే ఏ పిల్లయినా కాలు వెనక్కి లాక్కుని పెదవి విరుస్తుంది. పాప కళ్ళు సగం తెరిచి, ఎవర్నీ చూడకుండా మళ్ళీ మూసేసింది. పెదాల చుట్టూ రంగు పోయింది. ఊపిరి తీస్తుంటే పొట్ట ఎగిరెగిరిపడుతోంది.

"జ్వరమేం లేదే," అన్నాడు భానుమూర్తి థర్మామీటర్‌లో అంకెలు చదువుతూ. "ఉండాల్సినదాని కంటే తక్కువే చూపిస్తోంది. తక్కువుంటే మంచిదేగా?"

మృదుల అప్పటికే ఫోన్లో అభిలాష్‌తో ఏడుస్తోంది.

అభిలాష్ కొత్తపేటలో పని చేసే చోటి నుంచి ఆటోతో సహా వచ్చేశాడు. మెట్రో పిల్లర్ల నీడలో బస్సులు, ఆటోలు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, తోపుడు బండ్లు, అన్నీ ఆ రోజే రోడ్డెక్కినట్టున్నాయి. కొత్తపేట దగ్గర ఆటో ఆగిపోయింది. "అన్నా, జర పక్కకు పోనీయే, చిన్నపిల్ల ఉంది!" అని అభిలాష్ ఆటోలోంచి సగం బయటికి వేలాడి అరుస్తున్నాడు. విజయదుర్గ పాపను గుండెకు హత్తుకుని కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామికి మొక్కుకుంది. ఆకుపూజ చేయిస్తాను స్వామీ, నూటొక్క ప్రదక్షిణలు చేస్తాను, కాళ్ళు నొప్పులని కూడా చూడను. మొక్కుతూనే ఉంది, చెయ్యి మాత్రం తనకు తెలియకుండానే జుబ్బా పైనుంచి ఆ గడ్డను తడుముతోంది. పొద్దుటికంటే గట్టిగా ఉంది.

ఎల్బీనగర్‌లో వాళ్ళు వెళ్ళింది పిల్లల ఆసుపత్రికి. గేటు దగ్గరే అండాలమ్మ ఎదురు చూస్తోంది. ఎలా వచ్చిందో, ఎప్పుడొచ్చిందో, చెప్పులు కూడా లేవు కాళ్ళకు. "ఏమైంది నా తల్లికి?" అంటూ చేతులు చాపింది. విజయదుర్గ ఇవ్వలేదు. పక్కనుంచి దూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పిల్లల డాక్టర్ యాదలక్ష్మి పాపను చూసీ చూడగానే ఎత్తుకుని వెచ్చటి దీపం కింద పడుకోబెట్టింది. నుదుటి మీద వేలితో నొక్కి వదిలి, నొక్కిన చోటికి రంగు తిరిగి వస్తుందేమోనని చూసింది. అది రావడానికి చాలాసేపు పట్టింది. మడమ మీద సూదితో గుచ్చి ఒక చుక్క తీశారు, చక్కెర పడిపోయింది. చిన్న చేతికి నరం దొరకలేదు. రెండో చేతికీ దొరకలేదు. చివరికి కాలికి దొరికింది. సూది గుచ్చినప్పుడల్లా విజయదుర్గ తనే అమ్మో అంది తప్ప పాప కిమ్మనలేదు. ముందు పరీక్షకు రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు.

"జ్వరం లేదు డాక్టర్ గారూ, అందుకే మేం..." అని మృదుల ఏదో చెప్పబోయింది.

"అదేనమ్మా భయం," అంది యాదలక్ష్మి. "పెద్దపిల్లలకు ఒంట్ల ఇన్‌ఫెక్షన్ చేరితే జ్వరమొస్తది. ఇంత పసిపిల్లలకు ఒక్కోసారి ఒళ్ళు చల్లబడుతది. పాలు మానేస్తరు, ఏడుపు మానేస్తరు. ఇంట్లోవాళ్ళేమో నిద్రపోతుందనుకుంటరు. రక్తంల క్రిములు చేరినట్టుంది. అవి ఎక్కడ్నుంచి చేరినయో పట్టుకోవాలె."

మాట్లాడుతూనే పాప జుబ్బా విప్పింది. ఎర్రటి పట్టు ఎండి పెచ్చులు కట్టింది. తడిదూదితో తుడిస్తే సగం పోయింది, మరక పోలేదు. ఆ మరక కింద వాపు. డాక్టరు వేళ్ళతో తడిమి చూసింది.

"ఇదేంది? పాపకు నీళ్ళు పోసేదెవరు?"

విజయదుర్గ నోరు తెరిచింది.

"మా అమ్మే పోస్తుంది," అని మృదుల అందుకుంది. "అది నీళ్ళు పోసినందుకు కాదు మేడమ్. నిన్న మా అత్తమ్మ ఎత్తుకున్నప్పుడు కమిలిందట. పొద్దున్నే మా అమ్మ చెప్పింది."

తలుపు దగ్గర నిలబడ్డ అండాలమ్మ ఆ మాట విని విజయదుర్గ వంక చూసింది. విజయదుర్గ నేల చూపులు చూసింది. భూమి చీలిపోతే బావుండుననిపించింది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు నలుగురిలో నా మొహం మీద అనేస్తుంది అని బిగుసుకుపోయింది.

"అవు డాక్టరమ్మా," అంది అండాలమ్మ. "నిన్న నేనే, పాలు తీద్దామని జర పిండిన. ఒక్కసారే. మా దిక్కు గట్ల జేస్తరు."

"అమ్మా! నీకేమన్న దిమాక్ ఉన్నదా?" అభిలాష్ గొంతు ఆసుపత్రంతా వినబడింది. "గంత చిన్న పిల్లను పిండుడేంది? ఎవరు జెప్పిన్రు నీకు?" మృదుల అత్తగారి వంక చూసిన చూపులో ఏడుపు కంటే అసహ్యం ఎక్కువుంది. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"ఆగుండ్రి, తర్వాత కొట్లాడుకోండ్రి," అని యాదలక్ష్మి విజయదుర్గ వైపు తిరిగింది. "మీరు రోజూ నీళ్ళు పోస్తున్నరు కదా. నిన్న ఒక్కసారేనా? అంతకుముందు ఎవరూ పిండలేదా? గడ్డ ఎప్పటి సంది ఉంది?"

విజయదుర్గ తల అడ్డంగా ఊపింది. లేదు, లేదు. నోటితో అనలేదు గానీ తల మాత్రం రెండుసార్లు ఊపింది.

"నిన్న ఒక్కసారి పిండితే ఇంత తొందరగా చీము పట్టదు. పసిపిల్లలకు ఈ ఉబ్బు ఎట్లాగూ ఉంటది, ఇది నిజంగనే కమిలిన వాపు కావచ్చు," అని డాక్టరు తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు అంది. "అంటే ఇన్‌ఫెక్షన్ ఇంకెక్కడో ఉన్నట్టు. ఊపిరితిత్తులా, మూత్రమా, మెదడు పొరలా, చూద్దాం. మీరు బయట కూర్చోండ్రి."

బయట కుర్చీలో కూర్చోగానే విజయదుర్గకు మొదట కలిగింది ప్రాణం కుదుటపడ్డట్టు హాయి. నా పేరు రాలేదు. ఆ హాయి చూసుకుని తనమీద తనకే రోత పుట్టింది. లోపల పిల్ల చావుబతుకుల్లో ఉంటే నీకు నీ పేరు గొడవా, ముసలిదానా! పోనీ లేచి చెప్పెయ్. చెప్తే? అల్లుడేమంటాడు? వియ్యాలవారి ముందు భానుమూర్తి తలెత్తుకుంటాడా? మృదుల? అక్కడికి వచ్చేసరికి ఆలోచన ముందుకు పోనని మొరాయించేది. అయినా మందు ఎక్కిస్తున్నారుగా, ఎవరు పిండితే ఏంటి, మందుకు పేరుతో పనేముంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. సందులో తను నీళ్ళు పోసిన పిల్లలందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళలో ఎవరికైనా ఇలా ఒళ్ళు చల్లబడిందా? అయితే తనకెవరు చెప్తారు?

వరండా చివర అండాలమ్మ ఒక్కతే కూర్చుంది. కొడుకు ఆవిడ వైపు కూడా వెళ్ళడం లేదు. మట్టయ్య ఫోన్ చేస్తే "ఏం లే, చూస్తున్రు" అని పెట్టేసింది. మృదుల వచ్చి తల్లి పక్కన కూర్చుని ఆవిడ అరచేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నమ్మా," అంది. "ఇంకెవరి చేతికీ దాన్ని ఇవ్వను. నువ్వొక్కదానివే చూడు."

విజయదుర్గకు ఆ చేతిలోంచి తన చెయ్యి లాక్కోవాలనిపించింది. లాక్కోలేకపోయింది.

అద్దం తలుపు లోంచి పాప కనబడుతోంది. ఒంటినిండా తీగలు, ముక్కులో గొట్టం. నర్సులు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు, వంగుతున్నారు, ముఖముఖాలు చూసుకుంటున్నారు. ఆ ముఖాల్లో ఏమైనా దొరుకుతుందేమోనని విజయదుర్గ వెతికింది. ఒకమ్మాయి తల అడ్డంగా ఆడించినట్టు అనిపించి కుర్చీలోంచి సగం లేచింది. తర్వాత చూస్తే ఆ అమ్మాయి సెలైన్ పైపు సరిచేసుకుంటోంది, అంతే.

ఎండ వాలుతుండగా యాదలక్ష్మి బయటికి వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు.

"ఊపిరితిత్తులు బాగున్నయి, మూత్రంల ఏం కనబడలేదు," అంది. "కానీ బీపీ నిలబడట్లేదు. మేం ఇచ్చిన మందుకు పాప తేరుకోవట్లేదు. అన్ని క్రిములు ఒకటే మందుకు లొంగవు. ఏ క్రిమో రక్తం పరీక్షల తేలడానికి టైం పడుతది, అన్ని గంటలు పాప దగ్గర లేవు. కొంచెం నిలదొక్కుకుంటే వెన్ను నుంచి నీళ్ళు తీసి చూడాలె. దానికి మీ సంతకం కావాలె."

"వెన్నుల సూదా మేడమ్?" అన్నాడు అభిలాష్. "రేపు పిల్ల నడుస్తదా?"

"నడుస్తది. సూది పొడిచేది నరాల కింద, దానికి భయపడకు. నా భయం వేరే. ఈ స్థితిల పిల్లను వంచి పట్టుకునుడే కష్టం." యాదలక్ష్మి కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "ఎక్కడ్నుంచి మొదలైందో తెలిస్తే సగం పని అయిపోతుండె. ఆ జాగ దొరకట్లే."

మందుకు పేరుతో పనేముంది అనుకున్న మనిషికి ఆ మాటతో కళ్ళు తిరిగాయి. జాగ దొరకట్లేదట! ఆ జాగ తనకు తెలుసు. రోజూ రెండు వేళ్ళ మధ్య పట్టుకున్న జాగ అది.

"డాక్టర్ గారూ, ఒక్కసారి కాదు," అంది విజయదుర్గ.

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే డాక్టరు "ఏందమ్మా?" అని దగ్గరికి వంగింది.

"ఒక్కసారి కాదండీ, రోజూ పిండాను. నేనే పిండాను. పుట్టిన వారం నుంచి పిండుతున్నాను. నాలుగైదు రోజులుగా కుడివైపు గడ్డ పెరుగుతోంది, కాలిపోతోంది. పాలు ఎక్కువున్నాయనుకుని ఇంకా గట్టిగా పిండాను. పొద్దున ఎర్రగా నిగనిగలాడుతుంటే భయమేసి పట్టు వేసి కప్పేశాను. ఇందాక మీరడిగితే అబద్ధం చెప్పాను. వదినగారు దాన్ని ముట్టుకోలేదండీ. ఆవిడకేం తెలియదు. నేనే, నేనే చేశాను తల్లీ, దాన్ని బతికించండి!"

యాదలక్ష్మి తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. వెనక్కి తిరిగి తలుపు తోసుకుంటూ, "స్కాన్ మిషన్ లోపలికే తీసుకురా! సర్జన్‌ను పిలువు!" అని కేకేసింది. తలుపు మూసుకుపోయింది.

మృదుల తల్లి చెయ్యి వదిలేసింది. వెళ్ళి అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. విజయదుర్గ ఆ వీపు వైపు చూస్తూ కుర్చీలో కూలబడింది.

స్కాన్లో కనబడింది. పైకి ఉసిరికాయంత ఉన్నది లోపల ఛాతీ కండ దాకా పాకింది. సూదితో లాగితే పచ్చటి చీము వచ్చింది. దాన్ని గాజుపలక మీద రాసి మైక్రోస్కోప్ కింద పెట్టిన మనిషి, తుది రిపోర్టు రాకముందే ఫోన్ చేసి చెప్పాడట, క్రిములు ద్రాక్షగుత్తుల్లా గుంపులు గుంపులుగా ఉన్నాయని. వెంటనే మందు మార్చారు. సర్జన్ చిన్న గాటు పెట్టి మిగతా చీమంతా తీసేశాడు.

"మన చర్మం మీద, ముక్కుల్లో అందరికీ ఉండే క్రిమే," అని తర్వాత యాదలక్ష్మి వచ్చి చెప్పింది. "పైన ఉన్నంతసేపు ఏం చేయదు. పిండినప్పుడు లోపలికి దారి దొరికింది, అక్కడ్నుంచి రక్తంలకు పోయింది. ఇప్పుడిచ్చేది దానికి సరిపోయే మందు. కానీ రేపటి దాకా నేనేం మాట ఇవ్వలేను." వెళ్ళబోతూ విజయదుర్గ దగ్గర ఆగింది. "చెప్పిన్రు కదా, అది మంచిగైంది. పొద్దున్నే చెప్పి ఉంటే ఇంకా మంచిగుండు."

అండాలమ్మ కింద నుంచి చాయ్ తెచ్చింది. పేపర్ గ్లాసు విజయదుర్గ చేతిలో పెట్టి పక్కన కూర్చుంది. చాయ్ చల్లారిపోయింది.

"ఎందుకలా చెప్పారు వదినగారూ?" అని విజయదుర్గే అడిగింది. "మీరు దాని ఛాతీ మీద చెయ్యి కూడా వెయ్యలేదుగా."

"ఆ ఎర్ర పట్టు చూడంగనే సమజైంది వదినె. నేను నా నలుగురికి పిండలేదా? నాకెరుక లేని పనా అది?" అంది అండాలమ్మ. "మృదుల పచ్చి బాలింత. నా మీద కోపం జేస్తే నెల రోజులకు మర్చిపోతది. అత్తను తిట్టని కోడలెక్కడుంటది? కన్నతల్లి మీదనే మనసు ఇరిగితే ఆ పిల్ల ఎవరి తాన పండుకుంటది, ఎవరి తాన ఏడుస్తది? గంతే అనుకున్న. ఒక్కసారే పిండిన అంటే తిట్లు తక్కువ పడ్తయనుకున్న."

"నేను మీ మీద చాడీ చెప్పాను. అది విని కూడా..."

"ఇన్న. కోపమొచ్చింది. ఎందుకు రాదు?" అండాలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గని డాక్టరమ్మ నా ఒక్క మాట పట్టుకొని గడ్డను ఇడిసిపెడ్తదని నాకేం తెలుసు వదినె! నీ ఇజ్జత్ కాపాడుదామని పోయి, పిల్ల పానం తీస్తుంటి. నువ్వు లేసి చెప్పకపోతే ఏమైతుండె? నా నోట్ల మన్ను వడ!"

ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. అప్పటిదాకా కన్నీళ్ళు రాని విజయదుర్గకు అప్పుడొచ్చాయి. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తుంటే, మందులు పట్టుకుని మెట్లెక్కి వచ్చిన భానుమూర్తి ఏం జరిగిపోయిందోనని అక్కడే చతికిలపడ్డాడు. ఆయన్ని లేపి, నీళ్ళు తాగించి, ఏమీ కాలేదని నమ్మించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు పాప కాళ్ళు వెచ్చబడ్డాయి. బీపీ నిలబడింది. ఆ మర్నాడు నర్సు కట్టు మారుస్తుంటే పాప ఒక్కసారిగా గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకు వరండాలో అందరూ లేచి నవ్వారు. అభిలాష్ వెళ్ళి వాళ్ళమ్మ పాదాల దగ్గర కూర్చుని తల వంచుకున్నాడు. రక్తం రిపోర్టులో కూడా అదే క్రిమి తేలింది. పాప నిలదొక్కుకున్నాక తీసిన వెన్ను నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మందు మాత్రం పూర్తిగా ఎక్కించాల్సిందేనని, మధ్యలో ఆపితే మళ్ళీ తిరగబెడుతుందని పాపను ఇంటికి పంపలేదు.

అన్ని రోజులూ మృదుల తల్లితో అవసరమైన మాటలే మాట్లాడింది. క్యారేజీ తెచ్చావా, ఆ తువ్వాలు ఇవ్వు, నాన్న మందు వేసుకున్నారా. కోప్పడలేదు, అలగలేదు. విజయదుర్గ లోపలికి వస్తే మాత్రం పాపను రెండో భుజానికి మార్చుకునేది. తెలిసి చేసేదో తెలియక చేసేదో గానీ ప్రతిసారీ మార్చుకునేది. విజయదుర్గ అది చూసి, గుమ్మం దగ్గరే క్యారేజీ పెట్టి వెళ్ళిపోవడం అలవాటు చేసుకుంది.

గాటు మానాక పాపను చైతన్యపురికి తీసుకొచ్చారు. తడిగుడ్డతో తుడవడం ఆపి ఇక నీళ్ళు పోయవచ్చు, ఎక్కడా పిండొద్దు, ఏమీ రాయొద్దు అని యాదలక్ష్మి చెప్పి పంపింది. ఆ పొద్దున విజయదుర్గ వంటింట్లోంచి బయటికి రాలేదు. బియ్యం ఏరింది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది. బాత్రూమ్‌లో బకెట్ నిండుతున్న చప్పుడు, పీట జరిపిన చప్పుడు, చెంబు కింద పడిన చప్పుడు వినబడ్డాయి. మృదుల ఒక్కతే తంటాలు పడుతోంది. పాప జారిపోతుందేమో, మెడ నిలబడని పిల్ల, నీళ్ళు మరీ కాగాయేమో అని ఇక్కడ ఈవిడ ప్రాణం కొట్టుకుంటోంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?

"అమ్మా!"

విజయదుర్గ చేట కింద పడేసి పరుగెత్తింది. మృదుల పీట మీద కాళ్ళు బారజాపుకుని, పాపను ఎటు పడుకోబెట్టాలో తెలియక రెండు చేతులతో గట్టిగా పట్టుకుని బిక్కచచ్చిపోయి కూర్చుంది. విజయదుర్గ చేతులు వాటంతటవే ముందుకు చాచుకున్నాయి.

"చెయ్యి వెయ్యకు," అంది మృదుల తలెత్తకుండా. "ఇకనుంచి నేనే పోస్తాను. నువ్వు అక్కడ నిలబడి ఎలాగో చెప్పు."

విజయదుర్గ గడప దగ్గర ఆగిపోయింది. ఏడుపొచ్చింది. అది అవమానమో సంతోషమో ఆవిడకే తెలియలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుంది.

"ముందు నీళ్ళు మోచేత్తో చూసుకో," అంది. "తర్వాత ఎడమ చెయ్యి దాని మెడ కింద పెట్టు."